అందెల గలగల... టేపుకందనంత!

అరకు లోయకెళ్లి థింసా చూడకుండా రాబుద్ధికాదు. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడవాళ్లు అడుగులేస్తుంటే తుడుం, డప్పు, మోరి, జోడుకొమ్ములు మోగుతాయి. వాటన్నిటి మీదా తేలి వినిపించేది అందెల గలగల. టేపురికార్డర్ల కాలంలో మొదట దెబ్బతిన్నదీ అదే!

మన చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వింటుంది (వయసు మీదపడితే అంతుండదు లెండి). మామూలు క్యాసెట్‌లో సుమారు 12,000 దాటాక ధ్వని మెల్లగా సన్నగిల్లి, టేపు చేసే 'స్‌స్‌' రొదలో కలిసిపోతుంది. సీడీ అలా కాదు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. అందులో సగం, అంటే 22,050 కంపనాల లోపువన్నీ పట్టుకోగలదు. ఆపైన గోడ కట్టినట్టే.

పాత క్యాసెట్‌ని సీడీకెక్కిస్తే రొద భద్రంగా వస్తుంది, పోయిన గలగల రాదు. అది కావాలంటే మైకు పట్టుకుని మళ్లీ కొండెక్కాల్సిందే.