ఆ పిల్లవాడి వంతు

2020 జనవరి 1న సచిన్ టెండూల్కర్ నూతన సంవత్సర శుభాకాంక్షలు చెబుతూ ఒక చిన్న వీడియోను పంచుకున్నారు. బస్తర్ ప్రాంతంలోని దంతెవాడ జిల్లాకు చెందిన ఒక బాలుడు తోటి పిల్లలతో క్రికెట్ ఆడుతున్న దృశ్యమది. కాళ్లు సహకరించని ఆ బాలుడు చేతులను నేలకు ఆన్చి పాకుతూ పరుగు తీశాడు. దేశం అతడి పట్టుదలను మెచ్చుకుంది. అయితే ఆ దృశ్యంలో గమనించవలసినది మరొకటి ఉంది. తోటి పిల్లలు అతడిని గట్టు మీద కూర్చోబెట్టి ఆట చూడమనలేదు. అతడి వంతు అతడికి ఇచ్చారు.

మట్టి మైదానంలో పిల్లలు పాటించిన ఈ న్యాయం పెద్దలు నడిపే వ్యవస్థలకు అంత సులభంగా తట్టదు. 2022 మే 7న పొరుగు రాష్ట్రమైన జార్ఖండ్‌లో, రాంచీ విమానాశ్రయంలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. తల్లిదండ్రులతో హైదరాబాద్ బయలుదేరిన ఒక దివ్యాంగ బాలుడిని ఇండిగో సిబ్బంది విమానం ఎక్కనివ్వలేదు. బాలుడు ఆందోళనగా ఉన్నాడని, ఇతర ప్రయాణికుల భద్రతకు ముప్పని వారు చెప్పారు. విచిత్రమేమిటంటే, ఎవరి భద్రత పేరు చెప్పారో ఆ ప్రయాణికులే బాలుడి పక్షాన నిలబడి వాదించారు. అదే విమానంలో వెళ్తున్న వైద్యులు తోడుంటామని ముందుకొచ్చారు. అయినా ఫలితం లేకపోయింది. ఆ నెలాఖరున పౌర విమానయాన డైరెక్టరేట్ ఆ సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. సిబ్బంది కాస్త కరుణతో వ్యవహరించి ఉంటే బాలుడు కుదుటపడేవాడని అభిప్రాయపడింది. వైద్యుడు స్వయంగా పరీక్షించకుండా వైకల్యం కారణంగా ఎవరినీ నిరాకరించరాదని జూలైలో నిబంధనలను సవరించింది.

విమానాశ్రయంలో కెమెరాలుంటాయి, సాక్షులుంటారు, మంత్రి స్పందిస్తారు. బస్తర్ వారపు సంతలోనో, బస్టాండులోనో ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని జనాన్ని తోసుకుంటూ వెళ్లవలసివస్తే చూసేదెవరు? 75 రోజుల పాటు సాగే బస్తర్ దసరాలో జగదల్‌పూర్ వీధులు కిటకిటలాడతాయి. అంతటి జనంలో చక్రాల కుర్చీలోని పిల్లవాడికి కనిపించేది ఎదుటివారి వీపులే. ఆ జనం అతడికి చేయగలిగిన మర్యాద చాలా చిన్నది. రెండడుగులు జరిగి రథం కనిపించేలా చోటివ్వడం, వరుసలో అతడి వంతును దాటిపోకపోవడం, పేరేమిటని తల్లిని కాక అతడినే అడగడం. జాలిచూపులు, పూర్వజన్మ పాపాల ప్రస్తావనలు మానుకోవడానికి ఖర్చేమీ కాదు.

అయితే మర్యాద జనం చేతిలో ఉంటే, న్యాయం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, పదిమందిలో ఉద్దేశపూర్వకంగా వారిని అవమానించడం ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను నిబంధనలు వెలువడిన అయిదేళ్లలో వారికి అనువుగా మార్చాలని కూడా అదే చట్టం నిర్దేశించింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022 జూన్‌తో గడువు తీరింది. ఆ నిబంధనల్లో పస లేదని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం సమర్పించింది.

బస్తర్ పేరు వినగానే ఢిల్లీకి గుర్తొచ్చే గడువు మరొకటి ఉంది. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతమొందిస్తామని హోంమంత్రి అమిత్ షా పార్లమెంటు సాక్షిగా చెప్పారు. ఆ గడువుకు మిగిలిన రోజులను పాలకులు, ప్రతిపక్షాలు, పత్రికలు లెక్కపెట్టాయి. మెట్ల పక్కన ర్యాంపు కట్టవలసిన గడువు దాటిపోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టిన వారు మాత్రం అరుదు. భద్రత ముందు, హక్కులు తర్వాత అన్న క్రమం బస్తర్‌కు కొత్త కాదు. రాంచీలో ఆ బాలుడిని ఆపింది కూడా భద్రత అన్న మాటే.

బలహీనుడిని బయట ఉంచి సాధించిన భద్రత ఎవరిదన్న ప్రశ్నకు రాజకీయం జవాబు చెప్పాలి. దంతెవాడ పిల్లలు తమ జవాబును అయిదో పదో నిమిషాల ఆటలో చెప్పేశారు.