గుమ్మంలో పట్టని బీరువా

మా నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. పడుచుతనంలో ఊరూరా తిరిగి కృష్ణుడి వేషం కట్టిన మనిషి. ఆయన పద్యాలు రికార్డు చెయ్యాలని పదేళ్లుగా అనుకుంటూ, కిందటి సంక్రాంతి సెలవుల్లో ఎట్టకేలకు చేశాను. మూడు గంటల వీడియో. కాలేజీ ల్యాబులోని లినక్సు కంప్యూటరు మీద ముక్కలన్నీ అతికిస్తే, ఆరు గిగాబైట్ల ఒకే ఫైలయింది. లినక్సంటే యూనిక్సు వంశపుదే లెండి.

దాన్ని మా ఇంటి పాత డిస్కులోకి ఎక్కించాను. అందులో నాలుగు వందల గిగాబైట్ల ఖాళీ ఉంది. చివర్లో తెర మీద, ఫైలు మరీ పెద్దదంటూ ఇంగ్లీషులో ఒక ముక్క కనిపించింది. "పెద్దదే మరి, మా నాన్నగారి పద్యాలంటే మాటలా!" అనుకున్నాను. కెమెరా కార్డూ, ల్యాబులోని ఫైలూ శుభ్రంగా చెరిపేసి దర్జాగా ఇంటికొచ్చాను.

రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం. రెండు గంటలు దివ్యంగా సాగింది. రాయబారం ఘట్టం వచ్చి, పద్యం ఎత్తుకున్నారో లేదో, బొమ్మ ఆగిపోయింది. నాన్నగారు కాసేపు తెరవైపే చూసి, "తక్కినది రేపు వేస్తావుట్రా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ మంచినీళ్ల నెపంతో లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ల్యాబు కుర్రాడు నా గోడు విని, "ఇల్లు విశాలమే మాస్టారూ, బీరువా గుమ్మంలో పట్టలేదు" అన్నాడు. నా డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో సర్దినదిట. అందులో ఒక్కో ఫైలు కొలత రాసుకోవడానికి ముప్ఫై రెండు బిట్లే చోటు. 4,294,967,295 బైట్లు దాటిన ఫైలు అందులో పట్టదు, పక్కన ఎంత ఖాళీ ఉన్నా సరే. పాత యూనిక్సులకైతే ఒక బిట్టు గుర్తుకింద పోయి, రెండు గిగాబైట్లే హద్దుగా ఉండేదిట. డిస్కులు పెరిగిపోయాక, 1996లో తయారీదార్లు కూడబలుక్కుని పెద్ద ఫైళ్లకు దారి చేశారు.

ముందుగా తెలుసుకునే ఉపాయమూ చూపించాడు. గెట్‌కాన్ఫ్ అని కొట్టి, పక్కన పెద్దక్షరాల్లో ఫైల్‌సైజ్‌బిట్స్ అని, చివర డిస్కు తగిలించిన చోటు పేరు ఇవ్వాలి. ల్యాబు డిస్కు 64 అంది. నాది 32 అంది. ఒకే కంప్యూటరు! ప్రశ్న కంప్యూటరుకు కాదు, ఆ చోటుకన్నమాట. "ఆ అంకెనే నమ్మి ఊరుకోకండి" అని ట్రంకేట్ ఆజ్ఞతో నా డిస్కు మీద అయిదు గిగాబైట్ల ఉత్త ఫైలు తెరవబోయాడు. మళ్లీ ఆ పాత వాక్యమే వచ్చింది. ఈసారి నాకు పొగడ్తలా వినపడలేదు.

మిగిలిన రెండు గంటలూ వేరేచోట భద్రపరిచి, ఆ డిస్కును ఈఎక్స్‌టీ4 పద్ధతికి మార్పించాను.

వేసవిలో మూడో గంట మళ్లీ తీశాం. అప్పటికి నాన్నగారు నెమ్ము చేసి లేచారు. రాయబారం పద్యం దగ్గర గొంతు రెండుసార్లు జీరపోయింది. సంక్రాంతినాడు ఒక్కసారీ పోలేదు. ఆపుదామా అంటే చెయ్యి ఊపి, పూర్తి చేశారు.

ఎక్కించేముందు అడిగాను. 64 అంది. ఎక్కించి, చివరి నిమిషం దాకా వేసి చూశాను.

వెనక కుర్చీలోంచి నాన్నగారు, "పట్టిందిట్రా?" అన్నారు.

"పట్టింది నాన్నగారూ."

"జీర కూడానా?"