అంగుళం సందు

మా మేనల్లుడి పుణ్యమా అని కిందటేడు అక్టోబరులో కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ చూశాం. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన ఇసుక తిన్నెలవి. కొన్ని 700 అడుగులు దాటుతాయి. 2004లో దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు.

మా మకాం హోటల్లో కాదు. పికప్ ట్రక్కు మీద అతను సొంతంగా కట్టుకున్న చెక్కగదిలో. గోడల్లో రెండంగుళాల ఫోమ్ పలకలు, రెండు పొరల కిటికీలు రెండే, పైకప్పులో గాలి మూత.

"ఇంత అందమైన చోటికి ఇంకో రెండు కిటికీలు పెట్టకపోయావా?" అన్నాను.

"కిటికీ పెరిగితే చలీ పెరుగుతుంది మామయ్యా!" అన్నాడు.

అక్కడ ఎత్తు సుమారు 8,200 అడుగులు. రాత్రి ఎముకలు కొరికే చలి. కిటికీ అంగుళం, పైమూత కాస్త తెరిచే ఉంచమన్నాడు. కింద పొడిగాలి వస్తే, పైన తడిగాలి పోతుందట. అతను నిద్రపోగానే నేను రెండూ మూసేశాను.

తెల్లారేసరికి కిటికీల మీంచి నీళ్లు కారుతున్నాయి. పరుపు అడుగు తడిసింది. అదంతా మా ముగ్గురి ఊపిరి ఆవిరే!

మా ఆవిడ కాఫీకని గ్యాస్ పొయ్యి వెలిగించబోతే అతను చెయ్యి పట్టుకుని ఆపి, ముందు కిటికీ తెరిచాడు. "అత్తయ్యా, మూసిన గదిలో పొయ్యి మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

బెంగుళూరులో మా స్నానాల గదిలో గ్యాస్ గీజరుంది. చలికాలం వెంటిలేటరుకు అట్టముక్క అడ్డుపెట్టేది నేనే. ఇంటికి రాగానే అట్ట తీసేశాను, గీజరును బయటి గోడకు మార్పించాను. మీ ఇంట్లోనూ ఒకసారి చూసుకోండి.