కురిడీ కాయకి విమానయోగం లేదు

అమెరికా వెళ్లే అమ్మాయి సూట్‌కేసులో ఏమేం పెట్టాలో తేల్చేది ఆ అమ్మాయి కాదు, వాళ్లమ్మ. ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టడం, కంది పొడి పొట్లం మీద పేరు రాయడం, తూకం 23 కిలోలు దాటితే చీర తీసేసి గోంగూర ఉంచడం తెలుగిళ్లలో ఆనవాయితీ. ఆ సందట్లోనే ఓ మూలకి నాలుగు కురిడీ కాయలు, పూజకని కర్పూరం డబ్బా, దాని పక్కన అగ్గిపెట్టె చేరిపోతాయి. అందరి బెంగా ఆవకాయ గురించే. పాపం, అది మహా అయితే కారిపోయి చీరలు పాడుచేస్తుంది. అసలు పేచీ మిగతా మూడింటితో.

కురిడీ కాయ అంటే ఎండుకొబ్బరే. దాని పేరు మన దేశంలో చెకిన్ సామాను నిషేధాల జాబితాకెక్కింది 2022లో. విన్నవాళ్లు నవ్వారు. తుపాకీ, బాణసంచా, పెట్రోలు సరసన కొబ్బరి ఏమిటని! కానీ సరుకు రవాణా చేసేవాళ్లకి ఇది పాత సంగతే. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల పట్టికలో దీనికి 1363 అని ఒక నంబరుంది, తరగతి 4.2. అంటే తనంతట తానే రాజుకోగల పదార్థాల వరస. ఎండుకొబ్బరిలో సగానికి పైగా నూనే. సరిగ్గా ఎండక తడి మిగిలితే బూజు పడుతుంది, నూనె గాలితో కలిసి మెల్లగా వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే లోలోపలే పెరిగి పెరిగి అంటుకుంటుంది. నాలుగు కాయలతో అంత పని జరగడం అరుదే, ఒప్పుకోవాలి. అయితే ఎవరింటి కొబ్బరి ఎన్నాళ్లు ఎండిందో ఎక్స్‌రే యంత్రానికి తెలీదు. దానికి కనిపించేది నారింజ రంగు గుండ్రటి నీడ ఒక్కటే. కర్పూరం నంబరు 2717, తరగతి 4.1, మండే ఘనపదార్థం. హారతిచ్చే ఇంట్లో దీనికి వేరే రుజువక్కర్లేదు.

శబరిమల వెళ్లే స్వాముల ఇరుముడిలోని నేతి కొబ్బరికాయది ఇంకో కథ. దాన్ని చేతి సామానులో రానిచ్చేవారు కాదు. 2024 అక్టోబరులో కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు తనిఖీలన్నీ చేశాక దాన్ని కేబిన్‌లోకి తీసుకెళ్లవచ్చని, ఈ వెసులుబాటు 2025 జనవరి 20 దాకా ఉంటుందని ప్రకటించారు.

ఏది పైకి, ఏది కిందికి అన్న దగ్గరే చాలామంది తికమకపడతారు. కూరగాయల కత్తి సూట్‌కేసులో కిందికి పోవాలి, పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలో పైకి రావాలి. కత్తి మనిషి చేతికందితే ప్రమాదం, బ్యాటరీ మనిషికి అందకపోతే ప్రమాదం.

సామాను గదిలో నిప్పు పుడితే ఏమవుతుందో 1996 మే 11న అమెరికాలో తెలిసొచ్చింది. మయామీ నుంచి అట్లాంటా బయల్దేరిన వాల్యూజెట్ 592 విమానం కొద్ది నిమిషాలకే ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలిపోయింది. ఉన్న 110 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కారణం ప్రయాణికుల సామాను కాదు. గడువు తీరిన ఆక్సిజన్ జనరేటర్లను ఖాళీవని రాసి అట్టపెట్టెల్లో ఎక్కించారు. అవి ఖాళీవి కావు. పైగా ఆ గదిలో పొగ పసిగట్టే సాధనం గానీ, మంటలార్పే ఏర్పాటు గానీ లేవు. గాలి చొరబడదు కాబట్టి మంట దానంతటదే ఆరిపోతుందనే లెక్కతో కట్టిన గది అది. అందులో ఆక్సిజన్ పుట్టించే వస్తువే పెట్టారు! ఆ తర్వాతే అలాంటి గదుల్లో పొగ సూచికలు, మంటలార్పే ఏర్పాటు (మామూలుగా హాలాన్ వాయువు) తప్పనిసరి చేశారు.

లిథియం బ్యాటరీ దగ్గర హాలాన్ పప్పులూ పూర్తిగా ఉడకవు. మంటని అణచగలదు గానీ, బ్యాటరీ లోపల రసాయనాలు పుట్టించే వేడిని ఆపలేదు. ఒక సెల్ కాలి పక్కదాన్ని కాలుస్తుంది. అదే కేబిన్‌లోనైతే పొగ కనిపించగానే సిబ్బంది పరుగున వచ్చి ఆర్పి, నీళ్లు గుమ్మరించి చల్లార్చగలరు. అక్కడా ఎల్లవేళలా కుదరదనుకోండి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఇంకా నేల మీదే ఉన్న ఎయిర్ బుసాన్ విమానంలో తల మీది సామాను అరలో మంట లేచింది. అనుమానం పవర్ బ్యాంకు మీదికే పోయింది. 176 మందీ జారుడుబల్లల మీదుగా బయటపడ్డారు, విమానం పైకప్పు కాలిపోయింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి, గల్ఫ్‌కి వెళ్లే మనవాళ్లు బాగా ఎక్కే ఎమిరేట్స్ విమానాల్లో తలా ఒక పవర్ బ్యాంకే, అదీ వాడకూడదు, తల మీది అరలో పెట్టకూడదు అన్నారు.

మామూలు పరిమితి 100 వాట్ అవర్లు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 20,000 ఎంఏహెచ్ బ్యాంకు లెక్క కడితే 74 వస్తుంది, ఇబ్బంది లేదు. ఇబ్బంది కౌంటర్ దగ్గర. బొమ్మల అట్ట చూపించి, పెట్టెలో ఇవేమైనా ఉన్నాయా అని ఉద్యోగి అడుగుతుంది. తల ఎత్తకుండానే లేవంటారు. కాసేపటికి మైకులో పేరు వినిపిస్తుంది. అక్కడికి వెళ్తే కురిడీ కాయలు బయటపెట్టమంటారు. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో అప్పుడు వెతుక్కుంటారు.