అరవై రెండు వేల వాచీ, గ్రానైట్ కౌంటరు

2024 మార్చి 8న మా బ్యాంకు సిబ్బంది జీతాల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పెంపు 2022 నవంబరు నుంచే లెక్క కాబట్టి బకాయిలన్నీ ఒక్కసారిగా చేతికొచ్చాయి. ఆ డబ్బులో పెద్ద భాగం ఇంటి అప్పు అసలుకు కట్టేశాం. కొంత పెట్టి ప్రొద్దుటూరులోనే నా భార్యకు గాజులు చేయించాం. మిగిలినదాంట్లోంచి అరవై రెండు వేలతో నేనొక స్విస్ ఆటోమేటిక్ వాచీ కొనుక్కున్నాను. స్టీలు కేసు, స్టీలు చైను. ఇంట్లో చర్చంతా ఈ మూడోదాని గురించే జరిగింది.

అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "ఇంత పెట్టి కొంటివే నాయనా, కష్టమొస్తే కుదువకు పోతాదా ఇది?" అనింది. రెండో ముంబై అని పేరు తెచ్చుకున్న ఊళ్లో, బంగారం అంగళ్ల మధ్య పెరిగిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. "పోదమ్మా" అన్నాను. పోదని తెలిసే కొన్నాను. నా లెక్కల పుస్తకంలో గాజులు పొదుపు కింద, వాచీ ఖర్చు కింద రాసి ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలను తాకినప్పుడు గాజుల విలువ ఎంత పెరిగిందో అందరం చూశాం. అదే రోజు నా వాచీని అమ్మితే కొన్న ధర రాదు. రావాలని నేను ఆశించలేదు కూడా.

ఖర్చని ఒప్పుకున్నాక అడగాల్సింది ఒకటే: ఈ ఖర్చు ఎన్నేళ్లు పనికొస్తుంది? నా లెక్క ఇరవై ఏళ్లు. ఆటోమేటిక్ వాచీని ఐదారేళ్లకొకసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. దానికి నాకు చెప్పిన అంచనా తొమ్మిది వేలు. ఇరవై ఏళ్లలో మూడుసార్లు అనుకుంటే ఇరవై ఏడు వేలు. కొన్న ధరతో కలిపి ఎనభై తొమ్మిది వేలు. నెలకు దాదాపు మూడు వందల డెబ్బై రూపాయలు. ఇష్టపడి రోజూ పెట్టుకునే వస్తువుకు ఈ మొత్తం నాకు బరువనిపించలేదు. అయితే వాచీ నిజంగా ఇరవై ఏళ్లు బతికితేనే ఈ లెక్క నిలబడుతుంది. కాబట్టి దేన్నుంచి దాన్ని కాపాడాలో ముందు తేల్చుకోవాలి.

కొత్త వాచీ కొన్నవాళ్లు మొదట భయపడేది గీతలకు. నేనూ ఆ భయంతోనే మొదలుపెట్టి, గీతలు ఎక్కణ్ణించి వస్తాయో వెతికాను. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా వరసపెట్టిన పట్టిక ఉంది. ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1812లో తయారుచేశాడు. అందులో వజ్రం పది, వాచీ అద్దానికి వాడే సఫైర్ తొమ్మిది, ఇసుకలో ఉండే పలుగురాయి ఏడు, సున్నపురాయిలోని కాల్సైట్ మూడు. వాచీ స్టీలు ఐదుకూ ఆరుకూ మధ్య ఉంటుంది. పై మెట్టులో ఉన్నది కింది మెట్టులో ఉన్నదాన్ని గీస్తుంది. నేను పనిచేసిన మూడు ఊళ్ల ఆఫీసు పనిని ఈ పట్టిక పక్కన పెట్టి చూస్తే సంగతంతా తేటపడింది.

ప్రొద్దుటూరు బ్రాంచిలో నేను కూర్చున్నది గోల్డ్ లోన్ కౌంటరు దగ్గర. కౌంటరు పైన గ్రానైట్. గ్రానైట్‌లో పలుగురాయి ఉంటుంది, ఎంత నున్నగా పాలిష్ పట్టినా దాని గట్టిదనం పోదు. ఫారాల మీద సంతకాలు పెట్టేటప్పుడు ఎడమ మణికట్టు దాని మీద ఆని జరుగుతూ ఉంటుంది. చైను లాక్ కింది భాగం మొదట గీతలు పడేది అందుకే. మూడు వందల యాభై రూపాయలు పెట్టి ఒక రెక్సిన్ మ్యాట్ కొని కౌంటరు మీద పరిచాను. వాచీ కోసం నేను పెట్టిన డబ్బులో దీనికంటే బాగా పనిచేసింది లేదు.

జమ్మలమడుగుకు మారాక పరిస్థితి వేరు. అక్కడి పాత బల్లల మీద కడప బండలే. ఆ నాపరాయి సున్నపురాయి జాతిది, స్టీలుకంటే మెత్తన. బండ అంచు తగిలితే స్టీలు మీద తెల్లటి మరక పడుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. అక్కడ అసలు శత్రువు దుమ్ము. ప్రొద్దుటూరు నుంచి రోజూ బండి మీద ఇరవై కిలోమీటర్లు, దారి పొడవునా రాళ్ల లారీలు, ఇసుక ట్రాక్టర్లు. ఎండాకాలం చెమటలో ఆ సన్నటి ఇసుక కలిసి చైను లింకుల మధ్య చేరుతుంది. లోపల్లోపల స్టీలును అరగదీస్తుంది. పైకి కనిపించే గీత కంటే ఈ అరుగుదలే నష్టం, చైను వదులై సాగిపోతుంది. వారానికోసారి మెత్తటి బ్రష్, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టడమే దీనికి మందు. కడిగే ముందు కీ ఇచ్చే మర పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో, వాచీకి నీటిని తట్టుకునే శక్తి ఉందో లేదో తప్పకుండా చూసుకోవాలి.

ఇప్పుడు పులివెందులలో పనంతా ల్యాప్‌టాప్ మీద. దాని ఒళ్లు అల్యూమినియం, అది మెత్తటి లోహం కదా అనుకుంటాం. కానీ ఆ ల్యాప్‌టాప్‌ల పైపొర అనోడైజ్ చేసినది, అంటే అల్యూమినియం ఆక్సైడ్. సఫైర్ కూడా రసాయనంగా అల్యూమినియం ఆక్సైడే. అందుకే మెత్తగా కనిపించే ఆ అంచు మీద చైను లాక్ రాసుకుంటే గీతలు పడేది స్టీలుకు. సోమవారం నుంచి శుక్రవారం దాకా చైను తీసేసి ఆరు వందల రూపాయల నైలాన్ పట్టీ వేసుకుంటున్నాను. చైను పెళ్లిళ్లకూ పండగలకూ. పట్టీ మార్చేటప్పుడు పిన్ను జారితే కేసు కొమ్ముల మీద గీత పడుతుంది, అక్కడ టేపు అంటించుకుని మార్చాలి. స్ట్రాంగ్ రూం తలుపులు తీసే రోజుల్లో వాచీని విప్పి గుడ్డ సంచిలో వేస్తాను. డ్రాయరులో ఉట్టిగా పడేయకూడదు. స్టేప్లర్ పిన్నులు, తాళం చెవులు అన్నీ అక్కడే ఉంటాయి.

ఇంత చేసినా గీతలు పడతాయి. పడ్డాయి. ఇక్కడే డబ్బు నిర్ణయం వస్తుంది, దాన్ని నాకు నేర్పింది మా గోల్డ్ లోన్ కౌంటరే. అప్రైజర్ నగను ఒరగల్లు మీద గీసి, యాసిడ్ చుక్క వేసి నాణ్యం చూస్తాడు. ఆ గీతకు నగ విలువ తగ్గదు. లోను ఇచ్చేది బరువుకూ నాణ్యానికీ. మెరుగు పెట్టించడం వేరు. ఏళ్లకేళ్లు మళ్లీ మళ్లీ మెరుగు పెట్టిన నగ తూకానికి వచ్చేసరికి తరుగు తేలుతుంది. వాచీ పాలిష్ కూడా అంతే. గీతను సామాన్యంగా ఎవరూ పూడ్చరు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న స్టీలును అరగదీస్తారు. ఒకసారికి తేడా తెలియదు. మళ్లీ మళ్లీ చేయిస్తే పదునైన అంచులు గుండ్రబడతాయి, పట్టీ పిన్ను పట్టే కొమ్ములు పలచబడతాయి. జమ్మలమడుగులో నా సహోద్యోగి ఒకాయన వాచీని సర్వీసుకు పంపితే అడక్కుండానే పాలిష్ చేసి ఇచ్చారు. తళతళలాడుతూ వచ్చింది. బ్రష్ చేసిన భాగానికి, మెరుపు పాలిష్ భాగానికి మధ్య కేసు మీద ఉండాల్సిన ఆ సన్నటి అంచు గీటు మాత్రం లేదు. ఆయన బాధ చూశాక నా మనసు స్థిరపడింది. పాత వాచీలు కొనేవాళ్లు గీతలున్న అసలు కేసుకు ఇచ్చే విలువ అరిగిన కేసుకు ఇవ్వరు.

మా నాన్న జమ్మలమడుగులో బడిపంతులు. ఆయన చేతికి ఎచ్‌ఎంటీ జనతా ఉండేది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఎచ్‌ఎంటీ వాచీల వ్యాపారాన్ని 2016లో మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. నాన్న వాచీ ఇప్పటికీ తిరుగుతోంది. దాని అద్దం ప్లాస్టిక్‌ది, గీతలు మరీ ఎక్కువైనప్పుడల్లా కొద్ది ఖర్చుతో కొత్తది వేయించేవాడు. కేసు నిండా గీతలే. ఆయన ఒక్కనాడూ పాలిష్ చేయించలేదు, నూనె వేయించడం మాత్రం మానలేదు. ఆ వాచీని ఇన్నేళ్లు నడిపించింది ఆ నూనె. ఇవాళ్టి వాచీకి దానికి తోడు నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగులు కూడా చూపించాలి. అవి ఎండిపోతే లోపలికి తేమ చేరి తుప్పు పడుతుంది. బయట వెయ్యి గీతలు పడినా వాచీ ఆగదు, లోపలికి ఒక్క నీటి చుక్క పోతే ఆగుతుంది.

కంపెనీ వారంటీ గీతలకు మామూలుగా వర్తించదు. నగలకూ వాచీలకూ ఇచ్చే బీమా కూడా దొంగతనానికీ ప్రమాదానికీ గానీ వాడకంలో వచ్చే అరుగుదలకు కాదు. గీతలకు డబ్బొస్తుందన్న భరోసాతో పాలసీ తీసుకోకండి. ప్లాస్టిక్ ఫిల్ములు అంటించడం కూడా నేను మానేశాను, అంచుల కింద దుమ్ము చేరి అదే రాపిడి పెడుతుంది. ఆ డబ్బులన్నీ కలిపి నెలకు నూట యాభై రూపాయల చొప్పున సర్వీసు కోసం రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాను. ఐదేళ్లకు తొమ్మిది వేలు, వడ్డీ పైన.

మీరూ ఇలాంటి వాచీ కొని ఉంటే, బిల్లు, వారంటీ కార్డు, చైను నుంచి తీసేసిన లింకులు అన్నీ ఒకే డబ్బాలో దాచండి. బల్ల మీద ఒక మ్యాట్ వేసుకోండి. సర్వీసుకు ఇచ్చే రోజు మాత్రం జాబ్ కార్డు మీద "పాలిష్ వద్దు" అని మీ ఎదురుగా రాయించుకుని, సంతకం తీసుకుని గానీ అంగడి దాటకండి.