ముల్లు చూపించని లీకు

బైకు దిగినా వెనకభాగం పైకి లేవలేదు. కోలర్ ట్రెయిల్లో రాళ్లవాలు దిగొచ్చి పక్కన ఆపి చూస్తే, వెనక షాక్ అబ్జార్బర్ సగం దాకా లోపలికి కూరుకుపోయి అలాగే ఉంది. సీటు పట్టుకుని లాగితే కాస్త లేచింది, వదలగానే మళ్లీ కూలబడింది.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, బెంటన్‌విల్ ఊరు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే కాబట్టి ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. 2007లో స్లాటర్ పెన్‌తో మొదలైన మౌంటెన్ బైకు దారులు ఇప్పుడు ఊరి చుట్టూ అల్లుకుపోయాయి. శనివారం వస్తే మాలో కొందరం అక్కడే ఉంటాం.

ఆ షాక్‌లో ఉక్కు స్ప్రింగు ఉండదు, గాలే స్ప్రింగు. నా 80 కిలోలకు 180 పీఎస్‌ఐ సరిపోయేది. గాలి దిగిపోయిందనే ఎవరికైనా ముందు తోస్తుంది. కానీ పంపు తగిలిస్తే ముల్లు నేను పెట్టిన అంకెకు కాస్త అటూఇటూగానే నిలబడింది. వాల్వు మీదా, గాలి నిండి ఉండే గొట్టం, అంటే ఎయిర్ క్యాన్, అంచుల చుట్టూ సబ్బునీళ్లు రాశాను. ఒక్క బుడగ రాలేదు. రాడ్ మీద నూనె జిడ్డు కూడా లేదు.

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు. తెనాలి పక్క పల్లె, వాళ్ల నాన్నగారిది సైకిలు షాపు. బైకు ఆయన గరాజుకు తీసుకెళ్లాను.

"అన్నా, గాలి పోవట్లేదు, బండి మాత్రం కూచుంటోంది."

"పోవట్లేదని ఎవరన్నారు? పోతోంది, బయటికి కాదంతే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు!"

ఆయన చెప్పాకే అర్థమైంది. లోపల గాలికి రెండు గదులు. పెద్దది మన బరువు మోస్తుంది. పిస్టన్‌కు అవతల ఉన్న చిన్నది, నెగెటివ్ గది, షాక్‌ను లోపలికి లాగుతుంది. అది లేకపోతే చిన్నచిన్న రాళ్లకు షాక్ కదలనే కదలదు. క్యాన్ లోపలి గోడలో ఒకచోట చిన్న గుంట ఉంటుంది. పిస్టన్ అక్కడికి వచ్చినప్పుడే రెండు గదుల గాలీ సర్దుకుంటుంది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు దెబ్బతింటే, రాయి మీద పడ్డప్పుడల్లా కొంత గాలి చిన్న గదిలోకి జారుతుంది. అక్కడ పోగైన గాలి పిస్టన్‌ను పట్టి ఉంచి, మళ్లీ ఆ గుంట దాకా రానివ్వదు.

గాలి తీసేసి విప్పేద్దామనే ఎవరైనా అనుకుంటారు. ప్రమాదమంతా అందులోనే ఉంది. వాల్వులోంచి పోయేది పెద్ద గది గాలే. చిన్న గదిలో బిగుసుకున్నది అలాగే ఉంటుంది, క్యాన్ మర విప్పుతుండగా తుపాకీ గుండులా దూసుకొస్తుంది. అందుకే అన్న తీయడం మాని ఇంకా కొట్టాడు. షాక్ మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం 300, ఆయన 260 దగ్గర ఆపాడు. నేను చక్రం తొక్కిపట్టాను, ఆయన సీటు పైకి గుంజాడు. లోపల బుస్సుమని, షాక్ మొత్తం సాగింది. ఆ తర్వాత దాన్ని కొంచెం కొంచెం నొక్కి వదులుతూ, నిదానంగా గాలంతా తీశాడు. ఎక్కడైనా కాస్త మిగిలి ఉంటే క్యాన్ మీదికి ఎగరకుండా షాక్ బిగించే కన్నంలో గుడ్డ దూర్చి, అప్పుడు విప్పాడు.

సీలు వేలికి తొడిగి వెలుగులో తిప్పి చూశాం. ఒకచోట గోటిగాటంత కోత. గ్రీజు నల్లబడి వేళ్ల మధ్య గరగరలాడింది. బెంటన్‌విల్ చుట్టూ కొండల్లో చెర్ట్ అనే రాయి చాలా గట్టిది, దాని పొడి సీళ్లను తినేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బైకు కొనేటప్పుడు టైర్లూ పెయింటూ చూస్తాం, షాక్ సర్వీసు ఎప్పుడు చేయించారని అడిగేవాళ్లు ఎంతమంది? 50 గంటలకోసారి క్యాన్ విప్పి శుభ్రం చేయాలని కొన్ని కంపెనీలు రాసే పెడతాయి.

సూది తగిలితే లోహం మీద గీత పడుతుందని, పాత సీళ్లను చెక్క టూత్‌పిక్‌తో తీశాం. స్పిరిట్‌తో తుడిచి, కొత్తవి వేసి, గ్రీజు పట్టించి బిగించాం. 50 పీఎస్‌ఐ కొట్టి, షాక్‌ను పదేపదే నొక్కితే ముల్లు దిగింది. నేను కంగారుపడ్డాను.

"ఇప్పుడు దిగాలి. చిన్న గదికి దాని వాటా పోతోంది" అన్నాడు అన్న. అలా మెట్లు మెట్లుగా 180 దాకా తెచ్చాం. నేను ఎక్కి కూర్చుంటే 50 మిల్లీమీటర్ల స్ట్రోకులో 14 దిగింది. 28 శాతం, కావలసినంతే.

శనివారం స్లాటర్ పెన్‌లో దిగుళ్లన్నీ దిగాక చూస్తే షాక్ ఎంత దిగిందో చూపే రాడ్ మీది ఓ-రింగు 46 దగ్గర ఆగి ఉంది. అన్న వంగి చూసి, "ఒక 5 పీఎస్‌ఐ తగ్గించుకో, ఆ మిగిలిన నాలుగూ వాడుకోవచ్చు" అన్నాడు.