తెర కోసం సికింద్రాబాద్‌కు

కాజీపేటలో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి లాప్‌టాపే కొనాలని మనసులో ఖాయం చేసుకున్నాను. ఏ మోడల్, ఎంతలో అన్నదే మిగిలింది. 2024 ఫిబ్రవరి, మేడారం జాతరకు ముందటి రోజులు. మేం పోయేది పట్నం వైపు కాబట్టి కూర్చోను సీటు దొరికింది. ఎదురొస్తున్న బండ్లు మాత్రం జాతర జనంతో తలుపుల దాకా కిక్కిరిసి ఉన్నాయి.

హనుమకొండలో ఇంట్లోనే ఉండి ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే ముందు వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిన సమ్మతి పత్రాలు, బ్యాంకు యాప్‌ల వాక్యాలు, రైతుల కరపత్రాలు, ఎప్పుడైనా ఒక పుస్తకం. పాత లాప్‌టాప్ తెరను పట్టి ఉంచే కీలు విరిగి, గోడకు ఆనిస్తే తప్ప నిలబడడం లేదు. ఇక వాయిదా వేసే వీలు లేకపోయింది.

లాప్‌టాప్ మీద నాకంత మొగ్గు ఉండడానికి 2023 జులై కారణం. ఆ నెలాఖరు వానల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలు మునిగాయి. మా సందులోకి నీళ్లు వచ్చినప్పుడు సర్టిఫికెట్ల సంచి, అమ్మ మందుల డబ్బా, లాప్‌టాప్ పట్టుకుని మేడ మీదికి ఎక్కాం. కరెంటు లేదు. మెట్ల మీదే కూర్చుని, ఉన్న బ్యాటరీతో ఆ రోజు ఇవ్వాల్సిన ఫైలు ముగించి ఫోన్ నెట్‌తో పంపాను. మా వీధిలోనే డీటీపీ చేసుకునే మిత్రుడి సీపీయూ బల్ల కింద ఉండిపోయింది. నీళ్లు తీశాక దాన్ని బయటికి తెచ్చి ఎండకు పెడుతుంటే చూశాను. అప్పటినుంచి డెస్క్‌టాప్ అంటేనే నాకు భయం.

జనగామ దగ్గర ఒకాయన పేపరు చదవడం ముగించి నా చేతికిచ్చారు. పీవీ నరసింహారావుకు భారతరత్న ప్రకటించి వారం తిరగలేదు, ఇంకా ఆయన మీద వ్యాసాలు వస్తున్నాయి. నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన మనిషి. ప్రధాని కావడం అందరికీ తెలిసిందే; నాకు మాత్రం ఆయన ముందుగా అనువాదకుడు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ అంత నవలను హిందీలోకి తెచ్చారు, ‘సహస్రఫణ్’ పేరుతో 1968లో వచ్చింది. అరవై దాటాక, 1980ల మధ్యలో, ఢిల్లీలో ఇంటికి ఒక డెస్క్‌టాప్ తెప్పించుకుని పట్టుబట్టి నేర్చుకున్నారని, ప్రోగ్రాములు రాసే దాకా వెళ్లారని ఆయన జీవితచరిత్రలో చదివాను. చేత్తో అన్ని వందల పేజీలు అనువదించిన మనిషి ఆ వయసులో కీబోర్డు ముందు కూర్చున్నాడంటే, పని మీద ఆయనకు ఎంత గౌరవమో అనిపిస్తుంది. మా జిల్లా అనువాదకులం ఆయన్ను ఇంకా ఎక్కువగా తలుచుకోవాలి.

ఆలేరు, భువనగిరి గుట్ట, బీబీనగర్, ఘట్‌కేసర్. సికింద్రాబాద్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ప్యాట్నీ మీదుగా పార్క్‌లేన్.

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. వరంగల్‌లోనూ కంప్యూటర్ షాపులు ఉన్నాయి, మంచివే. కానీ ఒకే మోడల్‌ను నాలుగైదు చోట్ల పక్కపక్కన చూసి, వాడిన మిషన్లను కూడా తిప్పి చూసి ఎంచుకోవాలంటే ఇక్కడికి రావాల్సిందే. కింది నుంచి పై అంతస్తు దాకా అన్నీ ఇవే: రిపేరు బల్లలు, ర్యామ్, కార్ట్రిడ్జ్‌లు, కేబుళ్ల చుట్టలు, ఐటీ కంపెనీలు వదిలించుకున్న పాత మిషన్ల దొంతరలు.

ఒక పెన్‌డ్రైవ్ తీసుకుపోయాను. అందులో నా సొంత పేజీ ఒకటి, మండలి ఫాంటులోనూ పోతన2000లోనూ. షాపులో చూపించే మెరిసే సముద్రాల ఫోటోలతో నాకు పని లేదు. నేను రోజంతా చూసేది అక్షరాలు.

“ట్రావెలింగ్ ఎక్కువుంటదా మేడం?” అని అడిగాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి.

“లేదు బాబూ, ఇంట్లోనే పని.”

“మరి లాప్‌టాప్ ఎందుకు?”

వాన సంగతి చెప్పాను. విని, పధ్నాలుగు అంగుళాల లాప్‌టాప్ ఒకటి, ఇరవైనాలుగు అంగుళాల మానిటర్ ఒకటి పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ నా పేజీ తెరిచాడు.

రెండింటి రిజల్యూషన్ ఒకటే, 1920×1080. చుక్కల లెక్కలో తేడా లేదు. కానీ చిన్న తెర మీద ‘ద’కూ ‘ధ’కూ మధ్య ఉన్న ఆ చిన్న గీత కనపడాలంటే అక్షరాన్ని 150 శాతానికి పెంచాల్సి వచ్చింది. అలా పెంచగానే ఆ తెర 1280×720కి దిగిపోయినట్టే. పట్టే మేటరు సగం కూడా ఉండదు. పెద్ద తెర మీద నూరు శాతంలోనే ‘ప’ నోరు విప్పి, ‘వ’ మూసుకుని విడివిడిగా కనిపించాయి. ‘గి’ మీది గుడి, ‘గీ’ మీది గుడిదీర్ఘం కళ్లు చిట్లించకుండా తెలిశాయి. ‘లక్ష్మ్యా’ కింద వేలాడే ఒత్తులు పక్క వరుసలోకి చొచ్చుకుపోలేదు. తెలుగుకు పైనా కిందా చోటు కావాలి. ఇంగ్లిష్‌లోకి అనువదించేవాళ్లకు పధ్నాలుగు అంగుళాలు చాలొచ్చు, మనకు చాలవు. సమ్మతి పత్రంలో ‘మి.గ్రా.’ ఉండాల్సిన చోట ‘మై.గ్రా.’ పడితే మోతాదు వెయ్యో వంతుకు పడిపోతుంది. అది కంట పడకుండా పోయే అవకాశం ఉన్న తెర ముందు నేను కూర్చోకూడదు.

పైగా మా సాఫ్ట్‌వేర్ ఒక్క కిటికీతో ఊరుకోదు. ట్రాడోస్ అయినా, ఉచితంగా దొరికే ఒమేగా-టీ అయినా, ఒక పక్క మూలం, దాని దగ్గర తెలుగు, ఇంకో పక్క ట్రాన్స్‌లేషన్ మెమొరీ, దాని కింద పదకోశం. మెమొరీని మేం టీఎం అంటాం. ఇదివరకు అనువదించిన వాక్యాలన్నీ జతలుగా దాంట్లో ఉంటాయి, అలాంటి వాక్యం మళ్లీ రాగానే పాత అనువాదం ఎదుట నిలుస్తుంది. చిన్న తెర మీద ఈ నాలుగూ ఇరుక్కుని, అసలు రాసే చోటుకు వచ్చేసరికి కొన్ని వరుసలే మిగులుతాయి.

ఆ అబ్బాయి మానిటర్‌ను స్టాండు మీద పైకి లేపి, నిలువుగా తిప్పి చూపించాడు. ఏ4 పేజీ మొత్తం ఒక్కసారే కళ్ల ముందు నిలబడింది. ప్రూఫ్ చూసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి! లాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కుని ఉంటాయి కాబట్టి తెర కంటి ఎత్తుకు తెస్తే చేతులు లేస్తాయి, చేతులు దించితే మెడ వంగుతుంది. ఏళ్ల తరబడి నా మెడ నొప్పికి మూలం అక్కడే ఉంది.

మరి వాన? కరెంటు? దానికి షాపతను లోపలి నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చాడు. మినీ పీసీ. శంకరనారాయణ నిఘంటువు అంత ఉంది, బరువు కిలో పైచిలుకు. మానిటర్ వెనక బిగించుకోవచ్చు. 65 వాట్ల అడాప్టరుతో నడుస్తుంది కాబట్టి ఇంట్లో ఉన్న ఇన్వర్టరే మోస్తుంది. ఏదో కంపెనీ వాడి వదిలేసినదే, రిఫర్బిష్డ్. అక్కడ గట్టిగా అడగాల్సినవి అడిగాను. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానికి ముందుదైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరుతో ఆగిపోనుందని అప్పటికే ప్రకటించారు. కాబట్టి అంతకన్నా పాతది వద్దన్నాను. విండోస్ యాక్టివేషన్ నా కళ్ల ముందే చూపించమన్నాను. ఎస్‌ఎస్‌డీ కొత్తది వేయించాను, ర్యామ్ 16 జీబీకి పెంచాను. వెనక డిస్‌ప్లేపోర్టే ఉంది, హెచ్‌డీఎంఐ లేదు. ఆ కేబుల్ కూడా తీసుకున్నాను. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ రాయించుకున్నాను. అన్నీ కలిపి నేను చూసిన కొత్త లాప్‌టాప్ కంటే తక్కువే అయింది. మిగిలిన డబ్బుతో మంచి కీబోర్డు కొన్నాను. నేను వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు వస్తాయి. రోజంతా రెండు చేతులూ ఆడాలి, మీటలు మెత్తగా దిగాలి.

సాయంత్రం తిరుగు శాతవాహనలో ఎక్కడం పెద్ద పరీక్ష. జాతరకు పోయేవాళ్లు, మొక్కు బెల్లం మూటలు, కోళ్లు, చంటిపిల్లలు. మానిటర్ డబ్బాను రెండు చేతులా ఎత్తి పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయాను.

“ఇదేందమ్మా, టీవీనా?” అంది ఒక పెద్దావిడ.

“కాదమ్మా, కంప్యూటర్ తెర.”

“అద్దమేనాయె. కింద పెట్టకు, తొక్కుతరు. ఇగో, నా బంగారం పక్కన పెట్టు.”

పైన సామాన్లు పెట్టే బల్ల మీద తన బెల్లం మూటను జరిపి, నా డబ్బాకు చోటిచ్చింది. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు. మనవడు పుట్టినందుకు నిలువెత్తు బంగారం మొక్కుకుందట. సమ్మక్క, సారలమ్మ తల్లులకు ఇచ్చే బెల్లం పక్కన నా పనిముట్టు ప్రయాణం చేసినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇప్పుడు తెర పై అంచు సరిగ్గా నా కంటి ఎత్తులో ఉంది. వాన ముదిరితే పెట్టె విప్పి సంచిలో వేసుకుంటాను. మానిటర్ పోయినా ఇంకొకటి కొనుక్కోగలను. తిరిగి కొనలేనిది టీఎం ఒక్కటే. ఏళ్ల శ్రమ అందులో ఉంది. అందుకని రోజూ పని ముగిశాక దాని నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి నెట్ మీదికి వెళ్తుంది. ఆసుపత్రుల ఫైళ్లు మాత్రం ఒప్పందం ఒప్పుకుంటేనే నెట్‌కు ఎక్కిస్తాను. పాత లాప్‌టాప్‌కు కీలు వేయించాను. అమ్మను ఆసుపత్రిలో చూసుకోవాల్సిన రోజుల్లో అది తోడు వస్తుంది.

ఈ మధ్య నర్సంపేట నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ అనువాదాలు మొదలుపెట్టిందట. “అక్కా, నన్నేం కొనమంటరు?” అంది. ముందు ఎక్కడ కూర్చుని పని చేస్తావని అడిగాను. వారంలో కొన్నాళ్లు హాస్టల్, కొన్నాళ్లు ఇల్లు, మధ్యలో బస్సు. ఆమెను లాప్‌టాపే కొనుక్కోమన్నాను. ఇంట్లో బల్ల మీదికి మాత్రం వాడినదైనా సరే ఇరవైనాలుగు అంగుళాల మానిటర్ ఒకటి చూసుకోమన్నాను. షాపుకు పోయేటప్పుడు తన తెలుగు పేజీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పొమ్మన్నాను.